గీత మూడడుగులు, అంకె అయిదడుగులు

ముందే చెబుతున్నాను, ఇది శాంతంగా రాసింది కాదు. డ్రాయింగు పనిలోకి వచ్చే పిల్లల కోసం ఏదైనా రాసివ్వమని మా వీధిలోని కంప్యూటర్ సెంటరు వాళ్ళు అడిగారు. "మేడం, మీ అనుభవంలోంచి నాలుగు మంచి మాటలు రాయండి" అన్నారు. సరే, ఏం రాయాలో తెలియాలి కదా అని వాళ్ళ గదిలోకి వెళ్ళి పిల్లలు గీస్తున్నవి చూశాను. ఒకమ్మాయి తెర మీద ఇంటి ప్లాను ఉంది. వంటగది వెడల్పు ఎనిమిదడుగులని రాసి ఉంది. నా కంటికి అది ఎనిమిదిలా కనిపించలేదు. "కొలువమ్మా" అన్నాను. కొలిస్తే ఏడుంబావు వచ్చింది.

"గోడ జరిపితే అన్నీ మార్చాల్సి వస్తాది మేడం. అందుకే అంకె మీద టైపు చేసేసినాను. ఎవరు సూస్తారు?" అని నవ్వింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్ల మీద కాదు. ఆ పిల్లకు ఆ దొంగదారి నేర్పిన పెద్దమనిషి మీద. అతను పక్కనే నిలబడి "ఫరవాలేదు మేడం, ప్రాక్టీసే కదా" అన్నాడు. ప్రాక్టీసట! అందుకే ఆ నాలుగు మంచి మాటలు పక్కన పెట్టి, జరిగింది రాస్తున్నాను. నచ్చకపోతే వేసుకోవద్దు.

చిన్నమ్మ కొంగు

మాది కౌతాళం పక్క పల్లె. అమ్మానాన్నలు ఆదివారం చర్చికి పోయేవాళ్ళు, మిగతా వారమంతా ఎవరి చేలో పని దొరికితే ఆ చేలోకి పోయేవాళ్ళు. నేను ఐటీఐలో డ్రాఫ్టింగు నేర్చుకుని, డెబ్భైల నడుమ ఆదోనిలో ఒక ఇంజినీరు ఆఫీసులో ట్రేసరుగా చేరాను. ఇంజినీరు పెన్సిలుతో గీసిన కాగితం మీద పల్చటి ట్రేసింగు పేపరు పరిచి, కింద కనబడే గీతల్నే సిరాతో మళ్ళీ గీయడం ట్రేసరు పని. కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఎక్కువగా అదే ఇచ్చేవాళ్ళు. చెయ్యి కుదురుగా ఉంటుందట. బుర్ర ఉంటుందని మాత్రం ఎవరూ అనలేదు.

ఆదోనిలో నేను మా చిన్నమ్మ మరియమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఆమె జిన్నింగు మిల్లులో పని చేసేది. చూడనివాళ్ళకు చెబుతాను. పత్తిలోంచి గింజ తీసే యంత్రాలు వరసగా ఉంటాయి. వాటి వెనక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఇనుప షాఫ్టు ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఆ షాఫ్టు నుంచి ఒక్కో యంత్రానికి ఒక్కో బెల్టు. ఆ బెల్టులకూ వెనక గోడకూ నడుమ మిగిలిన సందే ఆడవాళ్ళ దారి. గంపలెత్తుకుని పొద్దస్తమానం అందులోనే తిరగాలి.

చిన్నమ్మ పనికి పోయేముందు కొంగును నడుముకు రెండు చుట్లు బిగించేది. జడను ముడివేసి దాని మీద గుడ్డ కట్టేది. గాజులు తీసి గూట్లో పెట్టేది. "ఆ బెల్టుకు కొంగని, సెయ్యని తేడా లేదు పాపా. ఏది దొరికితే దాన్ని లాక్కుంటాది" అనేది. ఆ దారి ఎంత వెడల్పు ఉండాలి అన్నదే నా మొత్తం ఉద్యోగంలో నాకు గుర్తున్న సంగతి. ప్రమోషన్ల కథ ఇంకెవరైనా చెబుతారు.

ఆచార్ సారు బ్లేడు

మా ఇంజినీరును అందరూ ఆచార్ సారు అనేవాళ్ళు. మంత్రాలయం దిక్కు మనిషి. వాళ్ళింట్లో అందరూ గుడి కొలువులోనో, బడి పంతుళ్ళుగానో ఉంటే ఈయన ఒక్కడే ఇంజినీరు అయ్యాడు. ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ ఆఫీసులో నా మంచినీళ్ళ గ్లాసు కిటికీలో వేరుగా ఉండేది. దాన్ని నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. కానీ పని నేర్పడంలో మాత్రం ఆ మనిషి నా దగ్గర ఏదీ దాచుకోలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయో ఆయన్నే అడగాల్సింది. అడిగే ధైర్యం వచ్చేనాటికి ఆయన లేడు.

మూల దగ్గర రెండు గీతలు కలవాలి. దాటకూడదు, ఆగిపోకూడదు. పెన్సిలు ములుకు మొద్దుబారితే గీత లావై, ఆ లావులోనే రెండంగుళాలు తప్పిపోతాయి. చెమటచుక్క పడితే సిరా పాకుతుంది కాబట్టి మోచేతి కింద గుడ్డ వేసుకోవాలి. ఆదోని ఎండలో మోచేతి కింద గుడ్డ తడవని రోజు ఉండేది కాదు. ప్రింట్లు మిద్దె మీద అద్దం చట్రంలో పెట్టి ఎండకు తీసేవాళ్ళం. తర్వాత అమ్మోనియా పెట్టెలో పెడితే గీతలు పైకి తేలేవి. కళ్ళు భగభగమనేవి. "అట్ల కండ్లు తుడుసుకుంటే గీత యాడ కనపడుతుందమ్మా, ముందు బయటికి పో" అని ఆయనే కసురుకునేవాడు.

ట్రేసింగు పేపరు వానాకాలం సాగుతుంది, ఎండాకాలం బిగుస్తుంది. కాబట్టి ప్రింటు మీద స్కేలు పెట్టి కొలిచి కట్టకూడదు, రాసిన అంకెనే నమ్మాలి. ఇది మా పనిలో మొదటి పాఠం. తాపీ మేస్త్రీలందరికీ మేమే ఈ మాట చెబుతాం. ఇంతమందికి అంకెను నమ్మమని చెప్పి ఆ అంకెనే దొంగది రాస్తే దాన్ని ఏమనాలి? నమ్మినవాడి గొంతు కోయడం అనాలి.

నాకంటే ముందు నుంచి ఉన్న డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఆ పనే చేశాడు. గోదాము డ్రాయింగులో కాంట్రాక్టరు గోడను కాస్త జరపమన్నాడు. ఈయన గీత ముట్టుకోకుండా, పాత అంకెను విరిచిన సగం బ్లేడు ముక్కతో గీకేసి కొత్త అంకె రాసేశాడు. ఆచార్ సారు ట్రేసింగును వెలుతురుకు ఎత్తి చూసి ఆ గీకుడు పట్టుకున్నాడు. నిలువునా చించేశాడు. వారం పని అది.

"సార్, ఉత్త అంకే కదా సార్" అన్నాడు ఆయన ఏడుపు గొంతుతో.

"అంకె నోటిమాటప్పా. గీత మనిసి కాలు పెట్టే జాగా. నోటిమాట మీద ఎవరన్నా నిలబడతారా? మళ్ళీ గీయి."

చించడం ఎక్కువని నాకు అప్పుడు అనిపించింది. ఇప్పుడు తక్కువని అనిపిస్తోంది.

తెర వచ్చింది

ఎనభైల చివర్లో ఆచార్ సారుకు చూపు మందగించింది. ఆఫీసు ఆయన మేనల్లుడు ప్రహ్లాద్ చేతికి వచ్చింది. బెంగళూరులో చదివినవాడు. వస్తూ వస్తూ కంప్యూటరు తెచ్చాడు. దానికోసం ఒక గది, ఆ గదికి కూలరు, గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి. నా గ్లాసు కిటికీలోంచి లోపలికి రావడానికి అన్నేళ్ళు పట్టింది కానీ, దానికి మాత్రం మొదటిరోజే కుంకుమ బొట్టు పెట్టారు.

నేను దాన్ని చూసి భయపడలేదు. మోజు పడ్డాను. చేత్తో ఎంత బాగా కలిపాననుకున్న మూలైనా, తెర మీద దగ్గరికి లాగి చూస్తే ఎడం కనిపించేది. కంటితో చూసి అక్కడ పెట్టడం కాదు, గీత చివరను యంత్రం చేతే పట్టించాలి అని నేర్చుకున్నాను. మీకూ అదే చెబుతున్నాను. తెర మీద కలిసినట్టు కనపడితే చాలనుకునేవాడు ఈ పనికి పనికిరాడు.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. కాగితం మీద అయితే అడుగును చిన్నగీతగా కుదిస్తాం. కంప్యూటరులో కుదించే పనే లేదు. అరవై అడుగుల షెడ్డును అరవై అడుగులుగానే గీస్తాం. తెర చిన్నదే కానీ లోపల ఉన్నది నిలువెత్తు షెడ్డు. మనిషి నడవగలిగే షెడ్డు.

కొలత రాసేటప్పుడు అది ఒక పని చేసేది. రెండు చివరలు చూపిస్తే, మధ్య ఎంత దూరం ఉందో తానే కొలిచి, కింది వరసలో అంకె చూపించి, ఇదే రాయమంటావా అని అడిగేది. మీట నొక్కితే ఉన్నదే రాసేది. నొక్కకుండా మనం ఇంకో అంకె కొడితే, నోరెత్తకుండా దాన్నే రాసేది. గీకుడు మచ్చ ఉండదు. వెలుతురుకు ఎత్తి చూసినా ఏమీ కనపడదు. బ్లేడు కంటే శుభ్రంగా అబద్ధం చెప్పే పనిముట్టు అని నాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది.

అయిదు కొట్టు

చిన్నమ్మ పనిచేసే మిల్లు సేటు, ఉన్న షెడ్డులోనే ఖాళీ భాగంలో ఇంకో వరస యంత్రాలు వేయాలన్నాడు. డ్రాయింగు మాకొచ్చింది. నేనే గీశాను. ముందు గోడ నుంచి యంత్రాల పునాది గుంతల దాకా పత్తి కుప్పలకు జాగా కావాలన్నాడు, ఇచ్చాను. అలా ఇస్తే వెనక బెల్టులకూ గోడకూ నడుమ మిగిలింది మూడడుగులు. అనుమతి ఇచ్చే ఆఫీసు వాళ్ళు అయిదుకు తక్కువైతే ఒప్పుకోరని ప్రహ్లాదే చెప్పాడు.

"వరసను రెండడుగులు ముందుకు జరుపుదాం సార్" అన్నాను.

"సేటు ఒప్పుకోడు. పత్తికి జాగా తగ్గుతుందంటాడు. అక్కడ అయిదు కొట్టు, కరుణమ్మా."

"మూడుంది కదా సార్."

"కాగితంలో అయిదుంటే చాలు. ఎవరు కొలుస్తారు?"

"సార్, ఆ సందులో మా చిన్నమ్మ నడుస్తాది."

అతను నా ముఖం కూడా చూడలేదు. "ప్రతిదీ ఇంటి విషయం చెయ్యొద్దు" అన్నాడు. నేను చేతులు మీటల మీంచి తీసేశాను. అతనే నా పక్క నుంచి వంగి, ఒక్క వేలితో అయిదు కొట్టాడు. అంతే. యంత్రం మళ్ళీ అడగలేదు. గుంతలకు ముందు గోడ నుంచి ఇచ్చిన కొలతలన్నీ అది కొలిచిన నిజమైన అంకెలే. వెనక దారి దగ్గర ఒక్కటే దొంగ అంకె. అనుమతి వచ్చేసింది. సంతకం పెట్టిన మహానుభావుడు, ముందు కొలతలు, వెనక కొలత కలిపి షెడ్డు వెడల్పుతో సరిచూసుకుంటే రెండడుగులు ఎక్కువ వచ్చేది. ఆ చిన్న కూడిక కూడా చెయ్యలేదు. వాళ్ళకు జీతాలు ఎందుకిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సున్నం గీతలు

గుంతలు తవ్వే ముందు నేల మీద సున్నంతో గుర్తులు పెట్టడం మా ఆఫీసు పనే. టేపు పట్టుకుని నేనూ, ఉరుకుందు అనే మేస్త్రీ వెళ్ళాం. మామూలుగా అయితే గుంతల మూలలు గుర్తుపెట్టి వచ్చేస్తాం. టేపు ఈ కొస పట్టుకుని నిలబడితే, కంప్యూటరు లోపల ఉన్న ఆ నిలువెత్తు షెడ్డు గుర్తొచ్చింది. దాన్ని మనుషులు నడిచే నేల మీదే గీస్తే?

"మేస్త్రీ, యంత్రాలు, షాఫ్టు, బెల్టులు, అన్నీ గీద్దాం. ఉన్న కొలతలకే" అన్నాను.

"అంతా యాలక్కా? గుంతలు సాలు గదా."

"గీయన్నా. సున్నం అయిపోతే నేను తెప్పిస్తా."

అతను సున్నం గంప అందుకున్నాడు. సద్దిమూటలు విప్పే వేళకు షెడ్డు నేల మీద రెండో వరస మొత్తం తెల్లగా పరుచుకుంది. అన్నం తింటున్న ఆడవాళ్ళు చేతులు కడుక్కుని చుట్టూ చేరారు. చిన్నమ్మ ముందుకొచ్చింది.

"ఇదేందే పాపా, ఇంత సన్నగుండాది?"

"మీ దారి చిన్నమ్మా."

"ఈ గీతేంది?"

"దాని మీద బెల్టు తిరుగుతాది."

చిన్నమ్మ గంప నెత్తికెత్తుకుని ఆ సందులో నడిచింది. గంప ఒక పక్క గోడకు రాసుకుంటోంది. రెండో పక్క మోచెయ్యి సున్నం గీత దాటి అవతలికి పోయింది. ఎదురుగా ఇంకో ఆమె ఖాళీ గంపతో వచ్చింది. ఇద్దరూ ఒత్తిగిల్లేసరికి చిన్నమ్మ చీర కుచ్చిళ్ళు గీత మీద పడ్డాయి. అంచుకు సున్నం అంటింది. ఆ తెల్లమరకను అందరూ చూశారు.

సేటు వచ్చేసరికి ఆడవాళ్ళు గీతల బయట నిలబడి ఉన్నారు.

"ఏందిది తమాషా? పని లేదా?" అన్నాడు.

"పాత వరసలో సేస్తాం సేటూ. ఈ సందులోకి మాత్రం రాము" అంది చిన్నమ్మ. చీర అంచు పట్టుకుని చూపించింది. "ఇది సున్నం కాబట్టి అంటింది. బెల్టయితే నన్ను తీసుకపోయేది."

"కాగితంలో అయిదడుగులు ఉందమ్మా!"

"అట్లయితే అయిదు సూపించు. ఇదో నేల."

సేటు టేపు అడగలేదు. కొలిస్తే ఏమొస్తుందో అతనికీ తెలుసు. పత్తి సీజను ముంచుకొస్తోంది, మనుషులు రాకపోతే యంత్రాలు ఉత్త ఇనుము. రెండు పూటలు అరిచాడు, బెదిరించాడు, మూడోనాటికి దిగొచ్చాడు. వరసను ముందుకు జరిపాడు. కుప్పలకు జాగా కోసం బయట కొన్ని రేకులు దింపి చిన్న పంచ వేయించాడు. అంతే! నాలుగు రేకులతో తీరిపోయే దానికి ఆడవాళ్ళ చేతులు పందెం పెట్టారు ఈ పెద్దమనుషులు.

నేను ఆఫీసుకు వచ్చి, కంప్యూటరులో గీతలు కూడా జరుపుతానన్నాను.

"ఎందుకు? అయిదని రాసే ఉంది. అక్కడ కట్టిందీ అయిదే. ఇంకా దిద్దేదేముంది?" అన్నాడు ప్రహ్లాద్.

"అంకె ఒక్కటే అయిదు సార్. గీతలూ, గుంతల కొలతలూ అన్నీ మూడు లెక్కవే ఉన్నాయి."

"నేల మీద బొమ్మలేసి నా పరువు తీసింది చాలు" అని ఫ్లాపీ తీసి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆ సాయంత్రమే పని మానేశాను. మంచితనంతో కాదు, కోపంతో. కొన్నాళ్ళకు ఎమ్మిగనూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర కుదిరాను.

ఎమ్మిగనూరు

చేత్తో ట్రేసు చేసే రోజుల్లో ఒక డ్రాయింగును ఇంకో ఊరికి వాడుకోవాలంటే మొత్తం మళ్ళీ గీయాలి. గీసే మనిషి ప్రతి గీత మీదా చెయ్యి ఆడించాలి. దొంగ అంకె ఉంటే ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగుతుంది. కంప్యూటరుకు ఆ అవసరం లేదు. కాపీ కొడితే నిజంతో పాటు అబద్ధమూ చుక్క పోకుండా వస్తుంది. పైన మిల్లు పేరు ఒకటి మారిస్తే సరి.

ప్రహ్లాద్ అదే చేశాడు. ఎమ్మిగనూరులో అదే కొలతల షెడ్డు ఉన్న మిల్లుకు, అదే డ్రాయింగు పేరు మార్చి ఇచ్చాడు. అక్కడ సున్నం గీతలు గీసింది ఇంకెవరో. ముందు గోడ నుంచి గుంతలు కొలిచి, మూలలు పెట్టి వెళ్ళిపోయారు. ఆ అంకెలన్నీ మూడు లెక్కవే కదా. వెనక మూడే మిగిలింది. అయిదని రాసినచోట ఎవడూ టేపు పెట్టలేదు.

ఉరుకుందు మేస్త్రీ వచ్చి చెబితే నాకు తెలిసింది. "అక్కా, మన డ్రాయింగు మిల్లులో ఒకామె సెయ్యి పోయిందంట" అన్నాడు. మన డ్రాయింగు!

నేరుగా ఆదోని బస్సెక్కి ప్రహ్లాద్ ఆఫీసుకు పోయాను. చెప్పులు విప్పలేదు. అతను నన్ను చూడగానే డ్రాయింగు తెరిచి తెర నా వైపు తిప్పాడు. "చూడండి, అయిదని స్పష్టంగా ఉంది. వాళ్ళు సరిగ్గా కట్టకపోతే మా బాధ్యత కాదు" అన్నాడు. వకీలును కూడా అడిగే ఉన్నట్టున్నాడు, అంత గట్టిగా అన్నాడు.

నేను అతని ముందు నుంచి మీటలు లాక్కుని, ఆ గోడనూ ఆ బెల్టు గీతనూ చూపించి, దూరం ఎంతో చెప్పమని యంత్రాన్ని అడిగాను. కింది వరసలో మూడు అని వచ్చింది. పైన అతను కొట్టిన అయిదు, కింద యంత్రం చెప్పిన మూడు, రెండూ ఒకే తెర మీద కనిపించాయి.

"నీ కంప్యూటరుకున్న నీతి నీకు లేకపాయె" అన్నాను. అతను చెయ్యి చాపి తెర ఆర్పేశాడు. అతనికి ఏ శిక్షా పడలేదు. కాగితంలో అయిదుంది కదా! తప్పంతా గుంతలు తవ్విన కూలీల మీదికి పోయింది. అప్పటి నుంచి నాకు ఈ కోపం తగ్గలేదు, తగ్గకూడదని కూడా అనుకుంటాను.

చెయ్యి పోయిన ఆమె పేరు సుంకమ్మ. హాలహర్వి దిక్కు నుంచి పనికొచ్చిన మనిషి. నేను వెతుక్కుంటూ పోయేసరికి ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా లేదు. నేను ఎవరినో, ఆ డ్రాయింగు ఎక్కడ పుట్టిందో, ఎవరు ఏం కొట్టారో, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ కాయితంలో దారి ఎంతని రాసినారక్కా?"

"అయిదడుగులు."

ఆమె ఎడమచెయ్యి చాపి, గాల్లో ఆ వెడల్పు కొలుచుకున్నట్టు అటూ ఇటూ చూసింది.

"అంత జాగా ఉంటే, మరి నేను నిలబడినది యాడ?"

రేపు మీరు గీత జరపడానికి బద్ధకించి అంకె మీద వేలు పెట్టినప్పుడు, ముందు సుంకమ్మకు జవాబు చెప్పండి. చెప్పగలిగితే, అప్పుడు ఆ అంకె కొట్టండి.